చెట్టు ధర ఎవరు చెప్పాలి? కెనడా కలప మీద అమెరికా సుంకాల సమీక్ష

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మన పెద్దవాళ్ళు డాలస్ శివార్లలో కొత్తగా లేస్తున్న ఇళ్ళను చూసి అడిగే మాట ఒకటుంది: "ఇదేంట్రా, ఇల్లంతా కర్రలేనా?" నిజమే. బయట కనిపించే ఇటుక చాలాచోట్ల పైతొడుగు మాత్రమే. బరువు మోసేది లోపలి కర్ర చట్రం. అందులో ఎక్కువగా వాడేది 'టూ బై ఫోర్' అనే నిలువు కర్ర. పేరులో రెండంగుళాలు, నాలుగంగుళాలు ఉన్నా, టేపు పెట్టి కొలిస్తే ఒకటిన్నర, మూడున్నరే ఉంటుంది.

అమెరికా వాడే ఇలాంటి మెత్త కలపలో దాదాపు పావు వంతు కెనడా నుంచి వస్తుంది. స్ప్రూస్, పైన్, ఫర్ జాతుల చెట్లు కోసి, ఎండబెట్టి, రైలు బోగీల్లోనూ ట్రక్కుల్లోనూ పంపుతారు. 2025 అక్టోబరు 14 నుంచి ఆ కలప సరిహద్దు దాటాలంటే చాలా కంపెనీలు సుమారు 45 శాతం సుంకం కట్టాల్సి వచ్చింది. ఇందులో 10 శాతం ఆ రోజున అధ్యక్షుడి ప్రకటనతో కొత్తగా చేరింది. దేశ భద్రత పేరు చెప్పి వేసిన సుంకం అది. వార్తల్లో ఎక్కువగా వినిపించిందీ అదే.

మిగతా 35 శాతం కథ వేరు. అది ఏ అధ్యక్షుడూ ఒక్క సంతకంతో వేసింది కాదు. అమెరికా వాణిజ్య శాఖ ఏటా చేసే 'అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ' అనే లెక్కలోంచి వచ్చిన అంకె. అధికారులు వేల పేజీల పద్దులు తిరగేసి, రెండేళ్ళ కిందటి అమ్మకాలను తవ్వి తీసి ఆ అంకె తేలుస్తారు. దాన్ని అర్థం చేసుకోవడానికి కొంచెం ఓపిక కావాలి. వేల కుటుంబాల జీతాలు ఆ లెక్క మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి ఆ ఓపిక పట్టడం సబబే అనుకుంటాను.

మొదట ఆ 35 శాతాన్ని విడదీద్దాం. అందులో రెండు సుంకాలున్నాయి. ఒకటి కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ, వాడుకలో సీవీడీ. ఎగుమతి చేసే దేశం తన పరిశ్రమకు సబ్సిడీ ఇచ్చిందని తేలితే, ఆ సబ్సిడీ ఎంతో అంత సుంకం వేసి ఆ లాభాన్ని చెరిపేస్తారు. రెండోది యాంటీ డంపింగ్ సుంకం. కంపెనీ తన దేశంలో అమ్మే ధర కన్నా, లేదా తన ఖర్చు కన్నా, తక్కువకు అమెరికాలో అమ్మిందని తేలితే వేసేది. మొదటిది ప్రభుత్వం చేసిన పనికి, రెండోది కంపెనీ చేసిన పనికి. 2025 జూలై, ఆగస్టు నెలల్లో వెలువడిన ఆరో సమీక్షలో సగటు సీవీడీ 14.63 శాతం, యాంటీ డంపింగ్ 20.56 శాతం. కలిపితే 35.19.

సబ్సిడీ అంటే కెనడా ప్రభుత్వం మిల్లులకు డబ్బు సంచులు పంచుతోందని అనుకోనక్కర్లేదు. అలాంటి పథకాలు కొన్ని ఉన్నా గొడవంతా వాటి మీద కాదు. గొడవ చెట్టు ధర మీద.

మన మామిడి తోటల సంగతి తీసుకోండి. కాయ కోయకముందే, కొన్నిసార్లు పూత మీదే, వ్యాపారి తోట చూసి ఒక ధర మాట్లాడుకుంటాడు. కోత, మోత, రవాణా అన్నీ అతనివే. రైతుకు వచ్చేది చెట్టు మీదున్న కాయకు ధర. అడవి చెట్టుకూ అలాంటి ధరే ఉంది. నిలబడి ఉన్న చెట్టును నరుక్కునే హక్కుకు మిల్లు యజమాని చెల్లించే ఆ మొత్తాన్ని 'స్టంపేజ్' అంటారు.

ఇప్పుడు తోట ఎవరిదన్నది చూడాలి. కెనడాలో 90 శాతానికి పైగా అడవి ప్రభుత్వానిది, అందులోనూ ముఖ్యంగా రాష్ట్రాలదే. బ్రిటిష్ కొలంబియా, అల్బెర్టా, ఒంటారియో, క్యూబెక్ ప్రభుత్వాలు దీర్ఘకాలిక లైసెన్సులిచ్చి, స్టంపేజ్ ఎంతో తామే సూత్రం పెట్టి నిర్ణయిస్తాయి. అమెరికాలో అడవి సగానికి పైగా ప్రైవేటు వ్యక్తుల, కంపెనీల చేతుల్లో ఉంది. కోతకు వచ్చే కలపలో చాలా ఎక్కువ భాగం అక్కడినుంచే. అక్కడ చెట్టు ధర బేరంలో తేలుతుంది.

అమెరికా మిల్లుల వాదన సూటిగానే ఉంటుంది. "మేం బజారు ధర పెట్టి చెట్టు కొంటున్నాం. వాళ్ళకు ప్రభుత్వం చవగ్గా ఇస్తోంది. ఆ తేడాయే సబ్సిడీ." కెనడా జవాబు కూడా సూటిగానే ఉంటుంది. "మా చెట్టు సన్నం, చలిలో మెల్లగా పెరుగుతుంది, రోడ్డు లేని కొండల్లో ఉంటుంది. రోడ్డు వేసే ఖర్చు, మళ్ళీ మొక్కలు నాటే ఖర్చు మా మిల్లులే పెట్టుకుంటాయి. ఆ చెట్టుకు అంతే విలువ."

ఎవరిది సరైనదో తేల్చాలంటే ప్రభుత్వ జోక్యం లేకపోతే ఆ చెట్టు ఎంత పలికేదో తెలియాలి. అడవి మొత్తం ప్రభుత్వానిదే అయినచోట అలాంటి ధర దొరకదు. అందుకని సమీక్ష చేసే అధికారులు పక్క ఊరి ధర తెచ్చి కొలబద్దగా పెట్టుకుంటారు. అల్బెర్టా, ఒంటారియో, క్యూబెక్ చెట్లను అట్లాంటిక్ తీరాన ఉన్న నోవా స్కోషియాలో ప్రైవేటు అడవుల ధరతో పోల్చారు. బ్రిటిష్ కొలంబియాకైతే సరిహద్దుకు ఇవతల, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో దుంగల ధర తీసుకున్నారు.

మొత్తం వివాదానికి ముడి ఇక్కడే పడిందని నా అభిప్రాయం. నోవా స్కోషియాకూ అల్బెర్టాకూ మధ్య వేల కిలోమీటర్ల దూరం ఉంది. వాతావరణం, చెట్టు లావు, మిల్లుకు దూరం, పక్కనున్న కాగితం మిల్లుల గిరాకీ, ఏదీ ఒకటి కాదు. కోనసీమ కొబ్బరికాయ ధర తెచ్చి పలమనేరు కొబ్బరికి అంటగడితే రైతు ఒప్పుకుంటాడా? 2020 ఆగస్టులో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ కూడా ఈ లెక్కల్లో చాలావాటిని తప్పుపట్టి కెనడా పక్షాన తీర్పిచ్చింది. అమెరికా అప్పీలుకు వెళ్ళింది. అప్పీలు వినాల్సిన ఆ సంస్థ బెంచి 2019 డిసెంబరు నుంచే సభ్యులు లేక పనిచేయడం లేదు. తీర్పు అక్కడే ఆగిపోయింది.

అలాగని అమెరికా అనుమానంలో పసే లేదనడం కూడా అన్యాయం. ఒక్కడే అమ్మకందారు ఉండి, ధర ఆఫీసులో ఖరారయ్యి, దుంగలు బయటికి అమ్ముకోవడం మీద ఆంక్షలు కూడా ఉంటే, లోపలి మిల్లుకు కలప చవగ్గా దొరికే అవకాశం ఉంటుంది. బ్రిటిష్ కొలంబియా ఈ విమర్శకు జవాబుగానే 2004 నుంచి 2006 మధ్య పద్ధతి మార్చుకుంది. కొంత కలపను వేలం వేసి, ఆ వేలంలో పలికిన ధరలను ఆధారం చేసుకుని మిగతా అడవికి స్టంపేజ్ కడుతోంది. మన అటవీ శాఖలు తునికాకు యూనిట్లను వేలం వేసినట్టే అక్కడ వేలం జరుగుతుంది. ఆ వేలంలో పాడేవాళ్ళు కూడా ప్రభుత్వ కలప మీదే బతికే మిల్లులు కాబట్టి ఆ ధర నిజమైన బజారు ధర కాదని అమెరికా అధికారులు దాన్ని ఒప్పుకోలేదు.

ఇక సమీక్ష ఎలా జరుగుతుందో చూద్దాం. చాలా దేశాల్లో ఇలాంటి సుంకం ముందు చూపుతో ఉంటుంది. ఇంత శాతం అని ప్రకటిస్తారు, కడతారు, అయిపోతుంది. అమెరికా పద్ధతి వెనక్కి చూస్తుంది. సరుకు దాటేటప్పుడు కట్టేది సుంకం కాదు, డిపాజిట్. అసలు సుంకం ఎంతో తర్వాత తేలుతుంది.

కెనడా కలప మీద ప్రస్తుత ఉత్తర్వులు 2018 జనవరిలో వచ్చాయి కాబట్టి ప్రతి జనవరిలో సమీక్ష కోరే అవకాశం వస్తుంది. అమెరికా మిల్లుల సంఘం కోరుతుంది, కెనడా కంపెనీలూ కోరతాయి. గడిచిన క్యాలెండర్ ఏడాది అమ్మకాలను పరిశీలనకు తీసుకుంటారు. ఎగుమతి చేసేవాళ్ళు వందల్లో ఉంటారు, అందరినీ పరీక్షించడం కుదరదు. అందుకని పెద్ద కంపెనీలు రెండు మూడింటిని ఎంచుకుంటారు. ఆరో సమీక్షలో కాన్ఫర్, వెస్ట్ ఫ్రేజర్ అలా ఎంపికైనవే. వాటికి ప్రశ్నావళి వెళ్తుంది. ప్రతి అమ్మకం, ప్రతి ఖర్చు, ప్రతి రాయితీ రాసి పంపాలి. కెనడా కేంద్ర ప్రభుత్వం, రాష్ట్రాలు కూడా విడిగా జవాబివ్వాలి. ప్రాథమిక ఫలితం వస్తుంది, వాదనలు వింటారు, కొన్ని నెలల తర్వాత తుది ఫలితం ప్రకటిస్తారు.

ఎంపికైన కంపెనీలకు ఎవరి రేటు వాళ్ళకు వస్తుంది. ఆరో సమీక్షలో కాన్ఫర్ మొత్తం 45 శాతం దాటింది, వెస్ట్ ఫ్రేజర్ 26 శాతం చుట్టూ నిలిచింది. మిగతా అందరికీ వీళ్ళ సగటే. లోపల ఎక్కడో అరవై మంది పనిచేసే చిన్న మిల్లు తన పద్దు ఎవరికీ చూపించలేదు, ఎవరూ అడగలేదు. అయినా ఆ సగటు నెత్తిన పడుతుంది. ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

రేటు మారితే రెండు పనులు జరుగుతాయి. ఆ రోజు నుంచి పంపే సరుకుకు కొత్త డిపాజిట్ రేటు వర్తిస్తుంది. దాంతోపాటు, పరిశీలించిన ఏడాదిలో పంపిన పాత సరుకుకు అసలు సుంకం ఖరారవుతుంది. ఎక్కువ కట్టి ఉంటే వడ్డీతో వెనక్కి రావాలి, తక్కువ కట్టి ఉంటే వడ్డీతో సహా తేడా కట్టాలి. 2023లో పంపిన కలపకు అప్పటి డిపాజిట్ ఎనిమిది, ఎనిమిదిన్నర శాతమే. అదే కలపకు 2025లో తేలిన రేటు 35. ఆ కర్రతో కట్టిన ఇంట్లో మనుషులు చేరి ఏడాదిన్నర అయింది. కట్టాల్సిన అదనపు బిల్లు మాత్రం అప్పుడు పుట్టింది. కోర్టులోనో, రెండు దేశాల ఉమ్మడి ప్యానెల్ ముందో వ్యాజ్యం నడుస్తుంటే వసూలు ఆగుతుంది. అప్పు మాత్రం పద్దులో అలాగే ఉంటుంది. కెనడా కంపెనీలు చాలా వరకు అమెరికాలో తామే దిగుమతిదారులుగా నమోదవుతాయి కాబట్టి ఆ బాకీ వాటిదే.

అమ్మేటప్పుడు సుంకం ఎంతో తెలియకపోతే వ్యాపారి ధర ఎలా చెప్తాడు? బ్యాంకు ఏ లెక్క చూసి అప్పిస్తుంది?

2017 నుంచి రేటు నడిచిన తీరు చూస్తే ఈ టెన్షన్ అర్థమవుతుంది. మొదటి దర్యాప్తులో సగటు 20.23 శాతం. 2020 నవంబరు సమీక్షలో 9 దగ్గరికి దిగింది. 2021లో 18 దగ్గరికి ఎగబాకింది. 2022లో 8.59కి, 2023లో 8 దగ్గరికి దిగింది. 2024 ఆగస్టులో 14 దాటింది. 2025లో 35. ఈ ఎనిమిదేళ్ళలో కెనడా అడవుల యాజమాన్యం ఏమీ మారలేదు, చెట్లు చాలా వరకు ప్రభుత్వానివే. మరి అంకె ఎందుకిలా ఎగిరిపడింది?

కారణం ఎక్కువగా కలప బజారులో ఉంది. కోవిడ్ రోజుల్లో అమెరికాలో ఇళ్ళ పిచ్చి పట్టుకుని, 2021 మేలో వెయ్యి బోర్డు అడుగుల కలప ధర 1,600 డాలర్లు దాటింది. బోర్డు అడుగు అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. అంతకుముందు మామూలు రోజుల్లో ఆ ధర అందులో పావు వంతు ఉండేది. ధర అంత ఎత్తున ఉన్నప్పుడు ఎవరూ నష్టానికి అమ్మరు కాబట్టి డంపింగ్ లెక్క తక్కువ వచ్చింది. 2023కి ధర కుప్పకూలింది, ఖర్చులు మాత్రం పైనే ఉన్నాయి. మిల్లు ఆపితే మనుషులు చెదిరిపోతారు, అందుకని నష్టానికైనా కోసి అమ్మారు. అధికారులు పోలిక కోసం కెనడాలోని అమ్మకాలు తీసుకునేటప్పుడు ఖర్చు కన్నా తక్కువకు జరిగినవాటిని పక్కన పెట్టవచ్చు. మిగిలినవి లాభానికి అమ్మినవే కాబట్టి పోలిక ధర పైకి లేస్తుంది, డంపింగ్ శాతం పెరుగుతుంది. బజారు పడిపోయి దెబ్బతిన్న ఏడాదికే రెండేళ్ళ తర్వాత పెద్ద సుంకం పడుతుంది. ధర పడిపోయినప్పుడు అమెరికా మిల్లులు కూడా నష్టపోతాయి, అప్పుడు చౌక దిగుమతులు వాటిని ఇంకా ముంచుతాయన్నది చట్టం వెనకున్న ఆలోచన. ఆ ఆలోచనను నేను కాదనను. దాని సమయం మాత్రం ఎవరికీ పనికొచ్చేలా లేదు.

ఈ వివాదం వయసు నలభై ఏళ్ళు దాటింది. 1982లో అమెరికా మిల్లులు మొదటిసారి ఫిర్యాదు చేశాయి, 1983లో వాణిజ్య శాఖే సబ్సిడీ లేదు పొమ్మంది. 1986లో మళ్ళీ ఫిర్యాదు వచ్చింది. ఈసారి సబ్సిడీ ఉందని ప్రాథమికంగా తేల్చారు, ఆ ఏడాది చివర్లో కెనడా తానే 15 శాతం ఎగుమతి పన్ను వేసుకోడానికి ఒప్పుకుంది. 1991లో ఆ ఒప్పందం నుంచి కెనడా తప్పుకుంటే మూడో గొడవ, 1996లో కోటా ఒప్పందం. అది 2001లో ముగియగానే నాలుగోది. 2002లో రెండు సుంకాలూ కలిసి 27.22 శాతం. ఆ గొడవ 2006లో ఎలా ముగిసిందో గుర్తుంచుకోవాలి. అప్పటికి పోగైన డిపాజిట్లు సుమారు 500 కోట్ల డాలర్లు. అందులో 400 కోట్లకు పైగా కెనడా కంపెనీలకు తిరిగిచ్చారు, దాదాపు 100 కోట్లు అమెరికాలో ఉండిపోయాయి. అందులో సగం ఫిర్యాదు చేసిన అమెరికా మిల్లుల వర్గానికే వెళ్ళింది. ఆ ఒప్పందం 2015 అక్టోబరులో తీరిపోయింది, ఇంకో ఏడాది ఆగి 2016 నవంబరులో ఫిర్యాదు వేసి ఐదో గొడవ మొదలుపెట్టారు. ఇప్పుడు నడుస్తున్నది అదే.

2006 అనుభవం వల్ల రెండు పక్షాల్లోనూ ఒక లెక్క ఉంది. డిపాజిట్లు పోగవుతున్న కొద్దీ, రాజీ రోజున బల్ల మీద పెట్టడానికి పెద్ద మొత్తం తయారవుతుంది. ఆ డబ్బులో కొంత చేతికొస్తుందని ఒకరు, చాలా వరకు తిరిగొస్తుందని ఇంకొకరు. ఈలోపు పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి, చిన్నవి తట్టుకోలేవు.

పెద్దవి తట్టుకోవడానికి ఇంకో దారి కూడా వెతుక్కున్నాయి. కాన్ఫర్, వెస్ట్ ఫ్రేజర్, ఇంటర్‌ఫర్ లాంటి కెనడా కంపెనీలు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, పైన్ అడవుల నడుమ ఎన్నో మిల్లులు కొనేశాయి. అక్కడ కోసిన కర్రకు ఏ సుంకమూ లేదు. సుంకం పెరిగితే అక్కడి మిల్లు లాభపడుతుంది, బ్రిటిష్ కొలంబియా లోపలి ఊళ్ళో అదే కంపెనీ మిల్లు మూతపడుతుంది. 2024 సెప్టెంబరులో, రేటు 14 దాటిన కొన్ని వారాలకే, వాండర్‌హూఫ్, ఫోర్ట్ సెయింట్ జాన్ మిల్లులు మూసేస్తున్నట్టు కాన్ఫర్ ప్రకటించింది. దాదాపు 500 ఉద్యోగాలు. నేరం అంతా సుంకానిదే అనడం కూడా సరికాదు. పైన్ చెట్టును తొలిచే పురుగు ఆ రాష్ట్రంలో కోతకు పనికొచ్చే పైన్‌లో సగానికి పైగా చంపేసింది, తర్వాత కార్చిచ్చులు వచ్చాయి. నరకడానికి చెట్టే తగ్గింది.

అమెరికా వైపు కూడా చిన్నవాళ్ళున్నారు. జార్జియా, అలబామా, మిసిసిపీల్లో కుటుంబానికి కొన్ని పదుల ఎకరాల పైన్ తోట ఉండి, పాతికేళ్ళకోసారి కోసి పిల్లల చదువుకో ఇల్లు బాగుచేయడానికో వాడుకునేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. 2008 ఇళ్ళ సంక్షోభం తర్వాత వాళ్ళ చెట్టు ధర ఏళ్ళ తరబడి కోలుకోలేదు. ప్రకాశం జిల్లాలో సుబాబుల్, సరుగుడు వేసి కాగితం మిల్లుల ధర కోసం ఎదురుచూసిన రైతుకు వాళ్ళ కష్టం చెప్పనక్కర్లేదు. "సబ్సిడీ కలప ఆగితే మా చెట్టుకు ధర వస్తుంది" అని వాళ్ళకు చెప్తున్నారు. కొంత వస్తుంది. కానీ అమెరికా మిల్లులు కెనడా వాటా మొత్తం ఒక్కసారిగా భర్తీ చేయలేవు. మిల్లు కట్టాలి, కోసే మనుషులు దొరకాలి. ఈలోగా జర్మనీ, స్వీడన్ల నుంచి కలప వస్తోంది. అమెరికా గృహనిర్మాణదారుల సంఘం ఈ సుంకాలను మొదటి నుంచీ వ్యతిరేకిస్తోంది. ఇల్లు కొనేవాడి ఖర్చు పెరుగుతుందన్నది వాళ్ళ మాట.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. భీమవరం, కాకినాడ, నెల్లూరు రొయ్యల వ్యాపారంలో ఉన్నవాళ్ళకు 'రివ్యూ' అన్న మాట బాగా తెలుసు. మన రొయ్యల మీద అమెరికా యాంటీ డంపింగ్ ఉత్తర్వు 2005 నుంచి ఉంది. అదే చట్టం, అదే వాణిజ్య శాఖ, అదే డిపాజిట్ పద్ధతి, పెద్ద కంపెనీల సగటు చిన్న కంపెనీల నెత్తిన పడటమూ అదే. 2024లో దానికి 5.77 శాతం సీవీడీ తోడైంది. మన ప్రభుత్వం ఇచ్చే ఎగుమతి ప్రోత్సాహకాలను సబ్సిడీగా లెక్కించారు. రేటు పెరుగుతుందన్న పుకారు వస్తే చాలు, చెరువు గట్టు మీద కౌంటు ధర (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి రైతుకిచ్చే ధర) తగ్గిపోతుంది. ఆ ధర తీసుకునే రైతుకు వాషింగ్టన్‌లో తన గురించి ఒక ఫైలు నడుస్తోందని కూడా తెలియకపోవచ్చు.

కలప వివాదంలో తర్వాతి మలుపు కెనడా ప్రభుత్వం చేతుల్లోనే ఉంది. 2025 ఆగస్టు 5న ప్రధాని మార్క్ కార్నీ బ్రిటిష్ కొలంబియాలోని వెస్ట్ కెలోనాలో నిలబడి కలప పరిశ్రమకు 120 కోట్ల కెనడా డాలర్ల సాయం ప్రకటించారు. అందులో 70 కోట్లు అప్పులకు హామీ, 50 కోట్లు కొత్త ఉత్పత్తులు, కొత్త దేశాల బజార్ల కోసం. మూతపడే మిల్లును నిలబెట్టాలంటే అలాంటి సాయం కావాల్సిందే. కానీ అమెరికా చట్టం కళ్ళకు అది ఇంకో సబ్సిడీగా కనిపించే వీలుంది. విదేశాలు తమ మెత్త కలపకు ఏమేం సబ్సిడీలిస్తున్నాయో ఆరు నెలలకోసారి కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలని అమెరికాలో 2008 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. సుంకం దెబ్బ తట్టుకోమని ఇచ్చిన డబ్బే తర్వాతి సుంకంలోకి ఎక్కవచ్చు. 2025 అమ్మకాలను లెక్కించే సమీక్షలో అది తేలాలి. మామూలుగా సాగే వరసలోనైతే దాని తుది ఫలితం 2027లో వస్తుంది.